కోడ్ చదివితే చాలదు.. కారణం పట్టాలి!

పాత పికప్ ట్రక్కు ఏబీఎస్ లైటు నేర్పే ‘డయాగ్నసిస్’ పాఠం

మీటర్ బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగింది. స్కానర్ తగిలించారు. ముందు కుడి చక్రం సెన్సార్ కోడ్ వచ్చింది. కొత్త సెన్సార్ వేశారు. బిల్లు కట్టి బండి తీసుకెళ్లిన కస్టమర్ మూడో రోజు మళ్లీ వచ్చాడు.. లైటు మళ్లీ వెలిగింది!

ఎక్కడ తేడా కొట్టింది? స్కానర్ తప్పు చెప్పలేదు. సెన్సార్ నుంచి సరైన సంకేతం రావడం లేదని మాత్రమే అది చెప్పింది. సెన్సార్ పాడైందా, వైరు తెగిందా, కప్లర్‌లో నీరు చేరిందా, బేరింగ్ వదులైందా అన్నది చెప్పలేదు. అది తేల్చాల్సింది టెక్నీషియన్. ఆటోమొబైల్ రంగంలో మంచి జీతం దొరికేది ఈ తేల్చే పనికే. కోడ్ చదివే పరికరం ఇవాళ ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. కోడ్ చదవడం మాత్రమే వచ్చినవారికి ఆ పరికరమే పోటీ!

ఐటీఐ, డిప్లొమా, బీటెక్.. ఏది చదివినా వాహన రంగంలో ఉద్యోగం కోరుకునేవారు తప్పక అలవరచుకోవాల్సిన నైపుణ్యం ఇది. దీన్ని నేర్చుకోవడానికి అమెరికా పాత పికప్ ట్రక్కులు చక్కటి ఉదాహరణ. వాటి ఏబీఎస్ నిర్మాణం సులువుగా అర్థమవుతుంది. వాటిలో వచ్చిన లోపాలు, తయారీ సంస్థ సూచించిన మరమ్మతులు బహిరంగంగా నమోదై ఉన్నాయి. ముఖ్యంగా 1999 తర్వాత వచ్చిన జనరల్ మోటార్స్ ట్రక్కులు.. షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెర్రాల్లో మూడు వేర్వేరు సమస్యలు మూడు వేర్వేరు పాఠాలు చెబుతాయి.

ముందు ఏబీఎస్ సంగతి

గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం తిరగడం ఆగిపోయి, బండి మాత్రం ముందుకు జారిపోతే స్టీరింగ్ తిప్పినా ఫలితం ఉండదు. అలా చక్రం లాక్ కాకుండా చూసేదే ఏబీఎస్. ఇందులో ప్రధానంగా నాలుగు భాగాలుంటాయి.

* వీల్ స్పీడ్ సెన్సార్: చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో చెబుతుంది. చక్రంతోపాటు తిరిగే పళ్ల రింగుకు ఎదురుగా, కొద్దిపాటి ఖాళీతో దీన్ని బిగిస్తారు.
* కంట్రోల్ మాడ్యూల్: సెన్సార్ల సంకేతాలను పోల్చి చూస్తుంది. ఒక చక్రం వేగం ఉన్నట్టుండి పడిపోతే అది లాక్ అవుతోందని గుర్తిస్తుంది.
* వాల్వుల బ్లాకు: మాడ్యూల్ ఆదేశంతో ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ఫ్లూయిడ్ ఒత్తిడిని క్షణంలో తగ్గించి, మళ్లీ పెంచుతుంది.
* పంపు మోటారు: ఏబీఎస్ పనిచేసేటప్పుడు ఫ్లూయిడ్‌ను తిరిగి నెడుతుంది. పెడల్ కింద దడదడలాడేది ఇందుకే.

అమెరికా పికప్‌లలో ఏబీఎస్ మొదట వెనక చక్రాలకే వచ్చింది. ఫోర్డ్ 1987లో, జనరల్ మోటార్స్ 1988లో దీన్ని మొదలుపెట్టాయి. పికప్ వెనక లోడు ఉంటే ఒక రకంగా, ఖాళీగా ఉంటే మరో రకంగా ప్రవర్తిస్తుంది. ఖాళీ బండిని గట్టిగా ఆపితే వెనక చక్రాలు త్వరగా లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. అందుకే వెనక వాటికి ముందు రక్షణ కల్పించారు. నాలుగు చక్రాల ఏబీఎస్ ఆ తర్వాత వచ్చింది. నాలుగు చక్రాల ఏబీఎస్ వచ్చాక కూడా కొన్ని పాత పికప్‌లలో వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే సెన్సార్ ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు మీ చేతిలోని బండికి ఎన్ని సెన్సార్లున్నాయో తెలుసుకోవాలి.

లైటు రంగు ఏం చెబుతోంది?

పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తాయి, ఏబీఎస్ రక్షణ మాత్రం ఉండదు. తడి రోడ్డు మీద సడన్ బ్రేకు వేస్తే చక్రాలు లాక్ కావొచ్చు. ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైతే విషయం తీవ్రమైంది. ఫ్లూయిడ్ తగ్గి ఉండొచ్చు. ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే వ్యవస్థ పనిచేయకపోవచ్చు. అలాంటి బండిని నడిపించకుండా ముందు కారణం చూడాలి. ‘ఇంటిదాకా నడపొచ్చా?’ అని కస్టమర్ అడిగితే సమాధానం ఈ తేడా మీదే ఆధారపడుతుంది. సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగానికి వెళ్లేవారు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

కోడ్‌లో అక్షరానికీ అర్థం ఉంది

పాత తరం వెనక చక్రాల ఏబీఎస్‌కు స్కానర్ కూడా అక్కర్లేదు. జనరల్ మోటార్స్ బండ్లలో డయాగ్నస్టిక్ కప్లర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే, హెచ్చరిక లైటే ఆగి ఆగి మెరుస్తుంది. ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి, మాన్యువల్‌లో చూసుకోవడమే.

1996 మోడల్ నుంచి అమెరికాలో కార్లు, తేలికపాటి ట్రక్కులకు ఓబీడీ-2 తప్పనిసరైంది. కోడ్‌లో ఒక అక్షరం, ఆ తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి. పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ విభాగం. బీ అంటే బాడీ. సీ అంటే ఛాసిస్. యూ అంటే మాడ్యూళ్ల మధ్య సమాచార మార్పిడి. ఏబీఎస్ కోడ్‌లు ఎక్కువగా సీ విభాగంలోకి వస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓబీడీ-2 నిబంధన పొగ నియంత్రణ కోసం వచ్చింది. కాబట్టి చవక రకం స్కానర్లు సాధారణంగా పీ కోడ్‌లనే చదువుతాయి. ఏబీఎస్ లైటు వెలుగుతుంటే ఆ పరికరం ‘కోడ్‌లు లేవు’ అని చూపిస్తుంది. అసలు సంగతేమిటంటే అది ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట్లాడనే లేదు! ఛాసిస్ కోడ్‌లు చదవగల స్కానర్‌నే వాడాలి.

జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో తరచూ కనిపించే కోడ్‌లు ఇవి:

* సీ0035: ముందు ఎడమ చక్రం సెన్సార్ సర్క్యూట్
* సీ0040: ముందు కుడి చక్రం సెన్సార్ సర్క్యూట్
* సీ0110: పంపు మోటారు సర్క్యూట్
* సీ0265: ఏబీఎస్ మాడ్యూల్ రిలే సర్క్యూట్

ప్రతి వరుసలోనూ ‘సర్క్యూట్’ అన్న మాట గమనించారా? సెన్సార్, వైరు, కప్లర్, ఎర్త్, మాడ్యూల్ లోపలి భాగం.. అన్నీ కలిపితేనే సర్క్యూట్. కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు వెతుక్కోవాల్సింది మనమే. ఇంకో మాట.. ఎడమ, కుడి అనేవి సీట్లో కూర్చున్న వ్యక్తి దిక్కు నుంచి లెక్క. బానెట్ ముందు నిలబడి చూస్తే తారుమారవుతాయి.

మొదటి కేసు: మాడ్యూల్ పోయిందా? ఎర్త్ పోయిందా?

ఈ ట్రక్కుల్లో ఏబీఎస్ మాడ్యూల్‌ను డ్రైవర్ సీటు కింది భాగంలో ఫ్రేమ్‌కు బిగించారు. అంటే రోడ్డు మీది నీరు, బురద నేరుగా తగిలే చోట! అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు మాడ్యూల్ ఎర్త్ వైరు బిగించిన బోల్టు దగ్గర చేరి తుప్పు పట్టించేది. ఫలితంగా సీ0265 లాంటి కోడ్‌లు వచ్చేవి. కొన్నిసార్లు మాడ్యూల్ స్కానర్‌కు అసలు పలికేదే కాదు.

కోడ్ చూడగానే మాడ్యూల్ పోయిందనిపిస్తుంది. మాడ్యూల్ ఖరీదైన భాగం. అయితే జనరల్ మోటార్స్ తన టెక్నీషియన్లకు పంపిన సర్వీస్ బులెటిన్ చెప్పింది వేరు.. ఎర్త్ బోల్టు చోటును శుభ్రం చేసి, ఎర్త్‌ను కొత్తగా బిగించమంది. ఇసుక కాగితం, ఒక రింగు టెర్మినల్, కాస్త సమయం.. అంతే ఖర్చు!

మరి ఎర్త్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూస్తే ‘దాదాపు సున్నా’ అని చూపిస్తుంది, బాగానే ఉందనుకుంటాం. ఇంటర్‌లో చదివిన ఓమ్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది.

తుప్పు వల్ల ఎర్త్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం పెరిగిందనుకుందాం. మీటర్ వైర్లకే 0.2, 0.3 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కాబట్టి మామూలు మీటర్‌కు అది ఆనదు. ఇప్పుడు పంపు మోటారు 30 ఆంపియర్ల కరెంటు లాగిందనుకోండి. 30 × 0.1 = 3. అంటే 3 వోల్టులు ఆ తుప్పు దగ్గరే ఖర్చయిపోయాయి! 12.5 వోల్టుల బ్యాటరీ ఉన్నా మాడ్యూల్, మోటారుకు అందేది 9.5 వోల్టులే. అందుకే లోపం ఉన్నట్టు మాడ్యూల్ నమోదు చేస్తుంది.

ఈ లోపం కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది. దాన్ని పట్టే పరీక్షే ‘వోల్టేజ్ డ్రాప్ టెస్ట్’. మాడ్యూల్ కప్లర్ విప్పి, బ్యాటరీ పాజిటివ్ నుంచి 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ద్వారా మాడ్యూల్ ఎర్త్ వైరుకు కనెక్షన్ ఇవ్వాలి. దారిలో ఒక ఫ్యూజు తప్పనిసరి. బల్బు దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. మీటర్‌ను డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఒక కొన ఆ ఎర్త్ వైరుకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు ఆనించాలి. 0.1, 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. మన ఉదాహరణలో 0.45 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. దొంగ దొరికినట్టే!

ఎర్త్, సప్లై, ఫ్యూజు.. మూడూ బాగుండి కూడా కోడ్ తిరిగి వస్తుంటే అప్పుడు మాడ్యూల్‌ను అనుమానించాలి. ఈ ట్రక్కుల్లో మాడ్యూల్ లోపలి సోల్డర్ అతుకులు పగలడమూ నిజంగా ఉన్న సమస్యే. బ్రేకు పైపులు విప్పకుండానే మాడ్యూల్‌ను వాల్వుల బ్లాకు నుంచి విడదీసి, రిపేరుకు పంపే వీలుంది. ముఖ్యమైంది వరుస. చవకైనది, తేలికైనది ముందు.. ఖరీదైనది చివర.

రెండో కేసు: నిలబడితే మంచి, తిరిగితే చెడు

సీ0040 వచ్చింది. సెన్సార్ కప్లర్ విప్పి ఓమ్స్ చూశారు. ఈ తరం ట్రక్కుల్లోని అయస్కాంత సెన్సార్ లోపల తీగచుట్ట ఉంటుంది. దాని నిరోధం మాన్యువల్‌లో చెప్పిన పరిధిలోనే ఉంది. మరి కోడ్ ఎందుకొచ్చింది?

చక్రంతోపాటు సెన్సార్ వైరూ కదులుతుంది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంది, గుంత వచ్చిన ప్రతిసారీ సాగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి తీగ తెగుతుంది. బండి నిలిచి ఉంటే తెగిన కొనలు తాకుతూ ఉంటాయి, మలుపులో విడిపోతాయి. అందుకే మీటర్ తగిలించి ఉంచి, స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పించాలి. వైరును కొద్దికొద్దిగా కదిపి చూడాలి. అంకె ఎగిరి పడిందా.. లోపం దొరికింది.

రెండో పరీక్ష.. జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పడం. అయస్కాంత సెన్సార్ తనంతట తానే ఏసీ వోల్టేజ్ పుట్టిస్తుంది. మీటర్‌ను ఏసీ మిల్లీవోల్ట్స్‌లో పెట్టి, సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పితే సాధారణంగా వందకు పైగా మిల్లీవోల్టులు కనిపించాలి. అంకె మరీ తక్కువైతే పళ్ల రింగుకు, సెన్సార్‌కు మధ్య ఖాళీ పెరిగిందా, బేరింగ్ ఆడుతోందా, పళ్లు విరిగాయా చూడాలి. చేతిలో మాన్యువల్ లేదా? అవతలి చక్రమే మీ మాన్యువల్! బాగున్న వైపు ఎంత వచ్చిందో చూసి పోల్చుకోవాలి.

హెచ్చరిక: ఇప్పటి చాలా కార్లలో ఉండేవి ‘యాక్టివ్’ సెన్సార్లు. లోపల చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. ఇవి సాధారణంగా 7, 14 మిల్లీఆంపియర్ల మధ్య మారే కరెంటు రూపంలో సంకేతం ఇస్తాయి. వీటిని ఓమ్స్‌లో కొలిస్తే ఏమీ తేలదు. సెన్సార్ రకం తెలుసుకున్నాకే మీటర్ తీయాలి.

మూడో కేసు: కోడ్ లేదు.. లోపం ఉంది!

ఇది అన్నిటికంటే పెద్ద పాఠం. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిస్తోంది. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకు మామూలుగానే తొక్కారు. ఆగబోయే ముందు ఉన్నట్టుండి పెడల్ దడదడలాడింది, బండి అనుకున్న చోట ఆగకుండా కాస్త ముందుకు పోయింది. లైటు వెలగలేదు, కోడ్ పడలేదు.

కారణం మళ్లీ తుప్పే. సెన్సార్ కూర్చునే చోట తుప్పు పేరుకుని, దాన్ని మెల్లగా పైకి నెడుతుంది. పళ్ల రింగుకూ సెన్సార్‌కూ మధ్య ఖాళీ పెరిగి, సంకేతం బలహీనపడుతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు సంకేతం సరిపోతుంది. గంటకు పది, పదిహేను కిలోమీటర్ల లోపుకు వచ్చేసరికి మాయమవుతుంది. ‘ఈ చక్రం లాక్ అయిపోయింది’ అని మాడ్యూల్ భ్రమపడి, బ్రేకు ఒత్తిడి తగ్గిస్తుంది. రక్షించాల్సిన వ్యవస్థే ఆగే దూరాన్ని పెంచేస్తుంది!

2005లో జనరల్ మోటార్స్ ఈ సమస్య మీద దాదాపు 8 లక్షల పికప్‌లు, ఎస్‌యూవీలను రీకాల్ చేసింది. 1999-2002 మోడళ్లలో, రోడ్ల మీద ఉప్పు వాడే చలి రాష్ట్రాల్లో తిరిగే బండ్లవి. సెన్సార్ విప్పి, తుప్పు గీకి, మళ్లీ తుప్పు పట్టకుండా పూత వేసి, అవసరమైతే సెన్సార్ మార్చడమే పరిష్కారం.

అప్పట్లో ‘స్కానర్‌లో ఏమీ రాలేదండీ, బండి బాగానే ఉంది’ అని కస్టమర్‌ను పంపేసిన టెక్నీషియన్ ఒక ప్రమాదాన్ని రోడ్డు మీదికి పంపినట్టే. ఇలాంటి దాన్ని పట్టాలంటే స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి, ఖాళీ స్థలంలో తిన్నగా నడుపుతూ నెమ్మదిగా ఆపాలి. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుని అన్ని చక్రాల వేగాలనూ గమనించాలి. అయస్కాంత సెన్సార్లన్నీ బండి ఆగేముందు సున్నాకు పడతాయి. మిగతావాటి కంటే ముందే ఒకటి సున్నాకు పడితే అదే మీరు వెతుకుతున్నది.

ఆరు మెట్లు.. ఈ వరుసలోనే

1. డ్రైవర్‌ను అడగండి: ఎప్పుడు వెలిగింది? ఎంత వేగంలో? వాన తర్వాతా? టైర్లు, బ్రేకులు, బేరింగులు ఈమధ్య మార్చారా? చాలా కేసుల్లో సగం సమాధానం ఇక్కడే ఉంటుంది.
2. కళ్లతో చూడండి: ఫ్లూయిడ్ మట్టం, ఫ్యూజులు, బ్యాటరీ వోల్టేజ్, టైర్ల సైజు, తెగిన వైర్లు, తుప్పు. ఒక టైరు సైజు తేడాగా ఉన్నా చక్రాల వేగాలు సరిపోలవు.
3. కోడ్‌లన్నీ రాసుకోండి: చెరిపే ముందు రాసుకోవడం తప్పనిసరి. ఇప్పుడున్న లోపమా, ఎప్పుడో వచ్చి పోయినదా కూడా రాయాలి.
4. లైవ్ డేటా చూడండి: బండి కదులుతున్నప్పుడు సెన్సార్లు ఏం చెబుతున్నాయి?
5. కొలవండి: సప్లై, ఎర్త్, సెన్సార్, వైరు. సర్క్యూట్‌ను సగానికి విడగొట్టి, ఏ సగంలో లోపముందో తేల్చుకుంటూ వెళ్లండి.
6. నిరూపించండి: మరమ్మతు తర్వాత కోడ్ చెరిపి, లోపం మొదట వచ్చిన పరిస్థితుల్లోనే నడిపి చూడండి. అప్పుడే పని అయినట్టు.

చేయకూడనివీ ఉన్నాయి. లైటు ఆరడానికి ఫ్యూజు పీకేయడం, బల్బు తీసేయడం మోసం. ఆ బండి రేపు ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదు. జాకీ ఒక్కదాని మీదే ఉన్న బండి కిందికి దూరొద్దు. వైరు మీద సూదితో గుచ్చి కొలిస్తే, ఆ రంధ్రంలోంచే రేపు నీరు దిగి తుప్పు పడుతుంది. కప్లర్ వెనక నుంచి కొలవడం నేర్చుకోండి.

మన దగ్గర ఎక్కడ పనికొస్తుంది?

సిల్వరాడోలు మన రోడ్ల మీద లేవు కదా అనుకోవద్దు. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరైంది. ఇంచుమించు అదే సమయంలో కార్లకూ వచ్చింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి. తొలి ఏళ్ల వాహనాలకు వారంటీ తీరిపోయింది. వైర్లు ముదిరే వయసు ఇది. ఇక నుంచి అవి షోరూమ్ దాటి మామూలు మెకానిక్ షెడ్లకు వస్తాయి. అక్కడ ఏబీఎస్ లైటు చూసి ధైర్యంగా మీటర్ తీసేవారి అవసరం పెరుగుతుంది.

మన రోడ్ల మీద ఉప్పు చల్లరు నిజమే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలిలోనే ఉప్పుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. మునిగిన బండిలో కప్లర్లు, ఎర్త్ పాయింట్లలో లోపాలు నెలల తర్వాత కూడా బయటపడుతుంటాయి. గల్ఫ్‌లో పికప్‌ల వాడకం ఎక్కువ. అక్కడి గ్యారేజీలకు వెళ్లాలనుకునే మన యువతకూ ఈ విద్య నేరుగా అక్కరకొస్తుంది.

ఎవరికి ఏ దారి?

పదో తరగతి తర్వాత: ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్. పూర్తయ్యాక జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద డీలర్ వర్క్‌షాపుల్లో స్టైపెండ్‌తో శిక్షణ పొందొచ్చు. అక్కడ ఎలక్ట్రికల్ విభాగంలో వేయమని అడగండి.

డిప్లొమా: పాలీసెట్ ద్వారా ఆటోమొబైల్, మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖల్లో చేరొచ్చు. డయాగ్నస్టిక్ టెక్నీషియన్, సర్వీస్ అడ్వైజర్, వారంటీ విభాగం ఉద్యోగాలకు ఇది సరిపోతుంది. వారంటీ విభాగంలో పనే ‘ఈ భాగం నిజంగా పాడైందా?’ అని తేల్చడం.

బీటెక్: ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ విద్యార్థులకు ఇంకో తలుపు ఉంది. కోడ్‌ను చదివేవారు కొందరైతే, ఏ పరిస్థితిలో ఆ కోడ్ పడాలో రాసేవారు మరికొందరు. బ్రేకు వ్యవస్థలు తయారుచేసే జడ్‌ఎఫ్ లాంటి సంస్థలకు హైదరాబాద్‌లో టెక్నాలజీ కేంద్రాలున్నాయి. ఇలాంటి చోట్ల సాఫ్ట్‌వేర్ పరీక్ష, డయాగ్నస్టిక్స్ విభాగాల్లో ‘క్యాన్’ నెట్‌వర్క్, యూడీఎస్ ప్రొటోకాల్ తెలిసినవారికి ప్రాధాన్యం ఉంటుంది. సర్వీస్ మాన్యువల్స్ రాసే టెక్నికల్ రైటింగ్ కూడా ఒక దారే.

విదేశాల్లో: అమెరికాలో పనిచేసే టెక్నీషియన్లకు ఏఎస్ఈ ధ్రువపత్రానికి గుర్తింపు ఉంది. అందులో ఏ5 బ్రేకులకు, ఏ6 ఎలక్ట్రికల్‌కు సంబంధించిన పరీక్షలు. పరీక్ష పాసవడంతోపాటు పని అనుభవమూ చూపాలి. ధ్రువపత్రాన్ని అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఇంటర్వ్యూలో ఇలా అడిగితే..

ప్రశ్న: సీ0035 కోడ్ వచ్చింది. ఏం చేస్తారు?
‘సెన్సార్ మారుస్తాను’ అంటే అవకాశం చేజారినట్టే. ‘ముందు ఎడమ చక్రం సెన్సార్ సర్క్యూట్‌ను పరిశీలిస్తాను. కప్లర్, వైరు చూసి, లైవ్ డేటాలో అవతలి చక్రంతో పోల్చి, ఆపై కొలతలు తీసుకుంటాను’ అనండి.

ప్రశ్న: ఎర్త్‌ను ఓమ్స్‌లో చూస్తే బాగుంది. ఇంకా అనుమానిస్తారా?
‘అవును. కరెంటు పారేటప్పుడు వోల్టేజ్ డ్రాప్ చూస్తే గానీ తేల్చలేను’ అని చెప్పి, 30 ఆంపియర్ల లెక్క వేసి చూపించండి. పక్కనే కాగితం ఉంటే సర్క్యూట్ గీయండి. గీసి చెప్పే అభ్యర్థిని మరిచిపోరు.

ప్రశ్న: కోడ్ లేదు, కస్టమర్ మాత్రం సమస్య ఉందంటున్నాడు?
‘ఆయనతో కలిసి బండి నడిపి చూస్తాను. ఏ వేగంలో, ఏ రోడ్డు మీద వస్తుందో అదే పరిస్థితిలో లైవ్ డేటా చూస్తాను. కోడ్ లేనంత మాత్రాన లోపం లేదనను’.

ప్రశ్న: కస్టమర్ తొందరలో ఉన్నాడు. ‘లైటు ఆర్పేసి ఇవ్వు చాలు’ అంటే?
ఇది మీ నిజాయతీకి పరీక్ష. ‘ఏబీఎస్ పనిచేయడం లేదని స్పష్టంగా చెబుతాను, జాబ్ కార్డులో రాస్తాను. హెచ్చరికను మాత్రం దాచను’.

ఈ వారమే మొదలుపెట్టండి

సాధనకు పికప్ అక్కర్లేదు. ఒక మామూలు మల్టీమీటర్, పాత 12 వోల్టుల బ్యాటరీ, హెడ్‌లైట్ బల్బు, ఫ్యూజు, రెండు మీటర్ల వైరు చాలు. బల్బు వెలిగించి, వైరు పొడవునా వోల్టేజ్ ఎక్కడ ఎంత తగ్గుతోందో కొలవండి. తర్వాత వైరులోని తీగలన్నీ కత్తిరించి ఒకే ఒక్క తీగ మిగల్చండి. ఓమ్స్‌లో చూడండి, బాగానే ఉందంటుంది. బల్బు వెలిగించి వోల్టేజ్ చూడండి, తేడా మీ కళ్ల ముందే కనిపిస్తుంది. తీగ వేడెక్కుతుంది, పట్టుకోవద్దు. ఈ ఒక్క ప్రయోగం చేతితో చేసినవారు వోల్టేజ్ డ్రాప్‌ను జీవితంలో మర్చిపోరు.

ఆ తర్వాత మీ ఊరి మెకానిక్ షెడ్డులో అనుమతి అడిగి, వారానికి రెండు రోజులు నిలబడండి. చూసిన ప్రతి కేసునూ నోటుబుక్కులో నాలుగు వరుసల్లో రాయండి.. కస్టమర్ ఏమన్నాడు, కోడ్ ఏమంది, కొలత ఏమంది, అసలు కారణం ఏమిటి. యాభై కేసులు పోగయ్యాక ఆ నోటుబుక్కునే ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. రెండో వరుసకూ నాలుగో వరుసకూ మధ్య ఎన్నిసార్లు తేడా వచ్చిందో మీకే అర్థమవుతుంది. ఉద్యోగం ఇచ్చేవారు చూసేదీ మూడో వరుసనే!